తొలి కుట్టు పొట్టిగా

నలభై ఏళ్ళు తెల్లదారమే.
ఒళ్ళో తెల్లగుడ్డ, గుడ్డ మీద తెల్ల ఉండ.
కాళ్ళూ చేతులూ కడుక్కోందే
అరుగెక్కనిచ్చేది కాదు మాణిక్యమ్మత్త.
"తెలుపు ఏదీ దాచదే పిల్లా,
నీ చెమటా, నీ చెయ్యి వణుకూ, అన్నీ చెప్పేస్తాది."
కండెకింత అని కూలి.
దారం అయిపోయిన అట్టగొట్టం పిల్లలకి పీపీ.

ఈ ఏడు ఆషాఢంలో ఏజెంటు తాతాజీ
మోపెడ్ మీంచి గోనెసంచి దించాడు.
విప్పితే ఎరుపు, మీగడరంగు, అరటాకు పచ్చ.
గుండ్రటి పీటల మీదకి తొడుగులంట, నలభై.
రెండేసి చుట్లకో రంగు.
"చారలు కొట్టొచ్చినట్టుండాలండోయ్" అనేసి
టీ కూడా తాగకుండా మొగల్తూరు పోయాడు.

ఆ సాయంత్రం మా అరుగంతా సంత.
ఏసుమణి ఎర్ర ఉండ తీసి బుగ్గకి ఆనించుకుంది.
చినకాసులు పచ్చదారం వాసన చూసింది, ఎందుకో.
నేను మాత్రం గబగబా సూది ఆడించేశాను.
ఎరుపు తెంపు, ముడెయ్యి, మీగడ అందుకో.

వారానికి పది తయారు.
తాతాజీ ఒకదాన్ని వెలుగులోకి ఎత్తిపట్టాడు.
"ఇదేంటండీ, గీత ఇక్కడ మెట్టెక్కింది?"
చూద్దును కదా, నిజమే.
ప్రతి చారా తన మొదలు దగ్గరికి తిరిగొచ్చి
ఒక వరస ఎత్తున ఆగిపోయింది.
ఎదురెదురుగా ఉన్నాయి, కలవడం లేదు,
గట్టు తగాదా పెట్టుకున్న తోడికోడళ్ళలా.

అంటే తెలుపులోనూ ఉండే ఉంటుంది ఈ మెట్టు.
నలభై ఏళ్ళూ,
వేసిన ప్రతిదాంట్లోనూ.
చుట్టు అనుకున్నది చుట్టే కాదు, నత్తగుల్ల.
తిరిగి తిరిగి ఓ మెట్టు పైకే తేలుతుంది.
ఏదీ దాచదన్నావే అత్తా,
ఇంత లావు సంగతి దాచింది చూడు!

పదీ విప్పాను.
విప్పిన దారం సేమ్యాలా ముడుచుకుపోతే
తడిపి, చివర చెంబు కట్టి, దండెం మీద వేలాడదీశాను.

ఆదివారం మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కుతుంటే
తాడు పట్టుకున్న కుర్రాడు అరిచాడు:
"మొదటడుగు పొట్టిగా ఎయ్యండమ్మా!
పెద్ద అంగ ఏస్తే జారిపోతారు!"
పొట్టిగానే వేశాను.
గోదారి అప్పటికే ఎర్రబడింది, కొత్తనీరు.
దిగువ నుంచి సముద్రప్పోటు పచ్చగా తోసుకొస్తోంది.
ఎరుపు ఎక్కడ ఆగి పచ్చ ఎక్కడ మొదలైందో
సఖినేటిపల్లి రేవు దాకా వెతికాను.
ఇదిగో ఇక్కడ అని వేలు పెట్టలేకపోయాను.

ఇంటికొచ్చి చీరైనా మార్చుకోకుండా కూచున్నాను.

పాత రంగులో ఆఖరి కుట్టు పూర్తి చెయ్యకూడదు.
సూది మీద రెండు ఉచ్చులు మిగిలుండగానే
పాతదాన్ని వదిలేసి
కొత్తదాన్ని ఆ రెంటిలోంచీ లాగాలి.
ఒళ్ళు పాతది, తల కొత్తది.
ఆ పైన తొలి కుట్టు నిండుగా వెయ్యకూడదు,
జారుకుట్టు. సూది దూర్చి, దారం లాగి,
అంతే. పొట్టిగా.
అక్కణ్ణించి మామూలే.
చుట్టు తిరిగొచ్చేసరికి
ఆ పొట్టిదాని నెత్తి మీంచి
చార చప్పుడు లేకుండా ఎక్కిపోయింది.

తాతాజీ నలభై లెక్కపెట్టుకున్నాడు.
మెట్టు మాట ఎత్తలేదు.
విప్పి మళ్ళీ అల్లిన దారానికి
కూలి మాత్రం ఒకసారే అన్నాడు.

మిగిలిన ముక్కలతో అల్లిన నలభై ఒకటోది
మాణిక్యమ్మత్త ఒళ్ళో పెట్టాను.
రెండు కళ్ళకీ శుక్లాలు.
"ఏం రంగే?"
"ఎరుపు."
వేలు చార వెంట నడిచింది, నడిచింది,
ఆగింది.
"ఇక్కడ ఊపిరి బిగబట్టావు."
సరిగ్గా అదే చోటు.
"తాతాజీకి కనబళ్ళేదత్తా!"
"ఆడికేం కనబడతాది. ఇప్పుడేం రంగు?"
"మీగడ."
వేలు మళ్ళీ బయల్దేరింది.
పచ్చ అంచు దాకా పోయి
వెనక్కి తిప్పి చూసుకుంది.
నేను దాచడం మరిచిన దారం తోక ఒకటి
చూపుడువేలికి తగిలింది.
పెదవుల మధ్య తడుపుకుని, కొస మెలిపెట్టి,
చెయ్యి చాచింది:

"సూది ఇలా తే."